ఈదువాడును, వెంబడి వచ్చు పడవయు

ధ్యాన భాగములు: అపొస్తలుల కార్యములు 27:21–44, గలతీయులకు 6:1–5

పరిశుద్ధ గ్రంథములో సముద్రమును గూర్చిన మాటలు విస్తారముగా నున్నవి. ఈతను గూర్చిన మాటలు మాత్రము మిక్కిలి కొద్ది. యెషయా 25వ అధ్యాయములో ఈదువాడు చేతులు చాపు రీతిని ప్రవక్త ఉపమానముగా చెప్పెను. యెహెజ్కేలు 47వ అధ్యాయములో మందిరపు గడప క్రిందనుండి పారిన నీళ్లు చీలమండల లోతు, మోకాళ్ల లోతు, మొల లోతు దాటి తుదకు ఈదవలసినంత లోతాయెను. అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయములో ఓడ బద్దలగు వేళ, ఈత వచ్చినవారు ముందుగా దుమికి దరి చేరవలెనని శతాధిపతి ఆజ్ఞాపించెను. ఇశ్రాయేలీయులు కొండలలోను పొలములలోను బ్రదికిన జనులు గనుక సముద్రము వారికి భయస్థానము. విశాఖపట్నమందలి మనవారికైతే సముద్రము ఇంటి ముంగిలి వంటిది. కాబట్టి వారు అడుగని ప్రశ్నలు కొన్ని మన బిడ్డలు అడుగుచున్నారు. అట్టి ప్రశ్న యొకటి ఈ మాసము పాఠకుల ఎదుట ఉంచుచున్నాము.

దూరపు ఈత యనగా చెరువులో సరదాగా మునిగి తేలుట కాదు. సామర్లకోటకు చెందిన గోలి శ్యామల గారు నడివయస్సులో ఈత నేర్చుకొని, 2021 మార్చి నెలలో సింహళ ద్వీపపు తలైమన్నారు వద్ద నీటిలో దిగి, మన దేశపు ధనుష్కోటి వైపునకు సుమారు 30 కిలోమీటర్ల పాక్ జలసంధిని 13 గంటల 43 నిమిషములలో దాటిరి. అప్పటికి ఆమె వయస్సు 47 సంవత్సరములు. అంతటితో ఊరకుండక 2024 డిసెంబరు 28న విశాఖపట్నము తీరమున బయలుదేరి, సుమారు 150 కిలోమీటర్లు అంచెలంచెలుగా ఈది, 2025 జనవరి 3న కాకినాడ తీరము చేరిరి. పాక్ జలసంధిలో ఆమె వేగమును లెక్కించినచో గంటకు రెండు కిలోమీటర్ల పైచిలుకు. అనగా మనము నడచు నడకలో సగము. నిమిషమునకు యాబది బారలు చొప్పున వేసికొన్నను ఆ దూరమునకు నలుబది వేల బారలు దాటును. పరుగుపందెములోవలె చూచువారు లేరు, చప్పట్లు లేవు. నోటినిండ ఉప్పునీరు, మెడక్రింద ఒరపిడి, వీపున ఎండ, ఒక బార వెంబడి మరియొక బార. అంతే.

ఇందుకు కావలసిన సాధకమును గూర్చి కొంత తెలిసికొనుట మనకు మేలు. మొదట కొలనులో నేర్చుకొందురు. కొలనులో అడుగు కనబడును, ఏబది మీటర్లకు ఒకసారి గోడ చేతికందును. సముద్రములో గోడ లేదు. అలల మధ్య ఏ ప్రక్క అల లేచునో చూచుకొని దానికి ఎదుటి ప్రక్కకు ముఖము త్రిప్పి ఊపిరి పీల్చవలెను. ముఖము నీటిలో నున్నప్పుడే ఆ ఊపిరిని విడువవలెను. విడువనివానికి క్రొత్త ఊపిరి పట్టదు. వారము వారము దూరమును కొద్దికొద్దిగా పెంచవలెను గాని ఒక్కమారు రెట్టింపు చేయరాదు. చేసినచో భుజము చెడును. శ్రమ చేసిన దినముననే కండలు బలపడవు. ఆ పిమ్మట విశ్రమించినప్పుడు బలపడును. అందుచేత మంచి శిక్షకుడు విశ్రాంతి దినమును కూడ సాధకములోనే లెక్కించును. పెద్ద ఈతకు ముందటి వారములలో దూరమును తగ్గించును. విశ్రాంతి దినమును మనుష్యుల కొరకు నియమించిన దేవుని జ్ఞానము ఇందులోను కనబడుచున్నది గదా.

సముద్రముయొక్క కాలములను కూడ ఈదువాడు ఎరుగవలెను. మన తూర్పు తీరమున అక్టోబరు మొదలు డిసెంబరు వరకు నీటి ప్రవాహము దక్షిణముగాను, ఫిబ్రవరి మొదలు వేసవి వరకు ఉత్తరముగాను పారును. సంవత్సరాంతమున విశాఖనుండి కాకినాడకు ఈదుటకును, వేసవి మొదట ఈదుటకును ఎంతో భేదమున్నది. మరియు ఒడ్డున విరిగిన అలల నీరు తిరిగి లోపలికి పోవునప్పుడు ఒక్కొక్కచోట ఇరుకైన పాయగా బలముగా లాగును. అందులో చిక్కినవాడు భయపడి ఎదురుగా ఒడ్డుకే ఈదబోయి అలసి మునిగిపోవును. తెలిసినవాడైతే దానితో పోరాడడు; తీరము వెంబడి ప్రక్కకు ఈది, లాగుడు తప్పిన తరువాత ఒడ్డుకు తిరుగును. విశాఖ తీరమున ప్రాణములు కోల్పోయిన అనేకులు ఈ సంగతి తెలియనివారే.

దూరపు ఈతలో ఒక ప్రాచీనమైన నియమమున్నది. ఈదువాని ప్రక్కన ఒక పడవ వచ్చును. అందులో త్రోవ చూపువాడు, ఆహారమందించువాడు, సాక్షి ఉందురు. ఆహారమును కర్రకో త్రాటికో కట్టి అందింతురు. ఎందుకనగా ఈదువాడు పడవను ముట్టకూడదు. పడవలోనివారు అతనిని ముట్టకూడదు. ముట్టినచో ఆ ఈత లెక్కకు రాదు. ఇంగ్లాండు ఫ్రాన్సు దేశముల మధ్య సుమారు 34 కిలోమీటర్ల వెడల్పుగల కాలువను ఈదువారికిని ఇదే నియమము. ఆ నీరు మిక్కిలి చల్లనిది గనుక, 16 డిగ్రీల సెంటిగ్రేడునకు మించని నీటిలో ఆరు గంటలు ఈది చూపినవానికే అక్కడ అనుమతి దొరకును.

ఇక ప్రశ్నకు వత్తము. మేము పల్లెటూరి సంఘమును కాయువారమైనను, ఓడరేవు పనులకును రైలు పనులకును వెళ్లి కంచరపాలెములో కాపురమున్న మా సంఘస్థులను నెలకొకమారు దర్శించి, వారి యిండ్లలో ప్రార్థన జరుపుచుందుము. అట్టి ఒక యింట యౌవనస్థుడొకడు రెండేండ్లుగా చీకటితోనే లేచి, సైకిలుమీద సముద్రతీరమునకు పోయి, ఈత సాధకము చేసి, తిరిగి వచ్చి పనికి పోవుచున్నాడు. విశాఖ తీరమునుండి భీమునిపట్నము వరకు, సుమారు 25 కిలోమీటర్లు ఈదవలెనని అతని తలంపు. అతని తల్లి మాతో నిట్లనెను: "మీరైనా చెప్పండి అయ్యగారూ. సముద్రం మా అన్నని తీసుకుపోయింది. ఇప్పుడు వీడు తనంతట తానే దాని నోట్లోకి పోతానంటున్నాడు. దేవుడిచ్చిన ప్రాణాన్ని ఇలా పందెం ఒడ్డితే పాపం కాదా?" కుమారుడు ప్రత్యుత్తరమిచ్చెను: "నేను ప్రార్థన చేసుకునే దిగుతానమ్మా." మేము పడవ సంగతి అడుగగా అతడు, "పడవ బాడుగకి డబ్బు లేదు అయ్యగారూ. పేతురు పడవ దిగే కదా నీళ్లమీద నడిచాడు? విశ్వాసం ఉన్నవాడికి పడవ ఎందుకు?" అనెను.

ఆ తల్లి ప్రశ్నయు, ఆ కుమారుని ప్రశ్నయు రెండును తేలికైనవి కావు. ఒకటి ప్రాణమును గూర్చినది, ఒకటి విశ్వాసమును గూర్చినది.

మొదట తల్లి ప్రశ్న. అపాయములోనికి పోవుట దానంతట అదే పాపమా? అట్లనిన యెడల పెదజాలరిపేట మత్స్యకారుడు ప్రతి ఉదయమును పాపము చేయుచున్నాడు. ప్రసవించు ప్రతి తల్లియు పాపము చేయుచున్నది. 1805లో క్రాన్, డెగ్రాంజెస్ అను ఇద్దరు దైవసేవకులు సముద్రము దాటి ఈ విశాఖపట్నమునకే వచ్చి, తెలుగు నేర్చుకొని, సువార్తలను మన భాషలోనికి తర్జుమా చేయుటకు పూనుకొనిరి. 1810 నాటికి ఇద్దరును మృతినొందిరి. వారు ప్రాణమును పందెము ఒడ్డిరని మనలో ఎవరైన అందుమా? పౌలు తాను ఒక రాత్రియు ఒక పగలును సముద్రములో గడిపితినని 2 కొరింథీ 11వ అధ్యాయములో వ్రాసికొనెను. కాబట్టి అపాయము పాపమునకు గురుతు కాదు. శరీరము దేవుని ఆలయమనుట నిజమే. అయితే ఆలయమునకు తాళము వేసి కాపాడుట ఒక్కటే దానిని గౌరవించుట కాదు. అందులో ఏ ఆరాధన జరుగుచున్నదో అదియే విచారింపవలసినది.

ఈ భేదమును తెలిసికొనుటకు మాథ్యూ వెబ్ అను ఆంగ్లేయుని చరిత్ర ఉపయోగించును. అతడు ఓడ పనివాడు. 1873లో అట్లాంటిక్ మహాసముద్రము నడుమ తోటివాడొకడు ఓడమీదినుండి పడిపోగా, వెబ్ అతనికొరకు నీటిలో దుమికెను. ఆ మనుష్యుడు దొరకలేదు గాని వెబ్ చూపిన ధైర్యమునకు పతకమిచ్చిరి. 1875 ఆగస్టులో మొదటిమారు ఇంగ్లీషు కాలువ దాటబోయి, వాతావరణము చెడినందున వెనుకకు మరలెను. అదే మాసము 24, 25 తేదీలలో మరల దిగి 21 గంటల 45 నిమిషములలో దానిని దాటెను. అట్లు ఈది దాటిన మొదటి మనుష్యుడతడే. తరువాత 1883 జూలైలో నయాగరా జలపాతము క్రిందనున్న సుడిగుండములను ఈదుదునని పూనుకొని, అందులోనే మరణించెను. వయస్సు 35 సంవత్సరములు. అతని హృదయమునకు తీర్పు తీర్చుట మన పని కాదు. అయినను మూడు ఈతలను ప్రక్క ప్రక్కన పెట్టి చూడవచ్చును. మొదటిది మరియొకని ప్రాణముకొరకు. రెండవది దేవుడు తన దేహములో ఎంత బలముంచెనో సాధకముచేత తెలిసికొనుటకు. కాలము బాగులేనప్పుడు వెనుకకు మరలు వివేకముతో కూడినది. మూడవది ఏ సాధకమునకును లొంగని నీళ్లలో. బలము మూడింటను ఒక్కటే, భుజములు అవే. అయినను మొదటి రెంటినిబట్టి మనము దేవుని స్తుతింపగలము, మూడవదానికి దుఃఖింతుము. కాబట్టి, అమ్మా, సముద్రమంతయు ఒకటే అని తలంపవద్దు. నీ అన్న పడిన నీళ్లును, నీ కుమారుడు రెండేండ్లు నేర్చుకొన్న నీళ్లును ఒక్కటి కావు. నీ భయము అవిశ్వాసము కాదు, అది ప్రేమయే. అయితే ప్రేమ తాను భయపడినదానినంతటిని పాపమని పిలువకూడదు.

ఇప్పుడు కుమారుని ప్రశ్న. విశ్వాసమున్నవానికి పడవ ఎందుకు? సాతాను మన ప్రభువును దేవాలయ శిఖరమున నిలువబెట్టి, క్రిందికి దుముకుమనెను. దూతలు పట్టుకొందురను వాగ్దానమును కూడ జ్ఞాపకము చేసెను. మత్తయి 4వ అధ్యాయములో ప్రభువు ఇచ్చిన ఉత్తరము మనకందరికి తెలియును. దేవుని నమ్ముట వేరు, దేవుని శోధించుట వేరు. నమ్మువాడు దేవుడిచ్చిన సాధనములను చేతపట్టుకొని ఫలమును ఆయనకు విడిచిపెట్టును. శోధించువాడు సాధనములను పారవేసి, ఇప్పుడు నీవు నన్ను కాపాడి తీరవలెనని దేవునిమీద అప్పు మోపును. రెండును పైకి ధైర్యమువలెనే కనబడును.

అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయము ఈ సంగతిని ఎంతో తేటపరచుచున్నది. ఓడలో 276 మంది. దేవుని దూత పౌలునొద్ద నిలిచి, ఒక్క ప్రాణమైనను నష్టము కాదని చెప్పెను. ఇంతకంటె గట్టి వాగ్దానము కావలెనా? అయినను కొంతసేపటికి ఓడవారు లంగరులు వేయుదుమను నెపముతో చిన్న పడవను దింపి పారిపోజూచినప్పుడు, వీరు ఓడలో లేనియెడల మీరు తప్పించుకొనలేరని ఆ పౌలే శతాధిపతితో చెప్పెను. వాగ్దానము కలిగియు, ఓడవాని నేర్పును అవసరమని అతడెంచెను. తుదకు అందరును దరి చేరిరి, ఎట్లు? కొందరు ఈదుచు, కొందరు పలకలమీదను, కొందరు ఓడ చెక్కలమీదను. ఆకాశమునుండి ఏ చెయ్యియు దిగిరాలేదు. వాగ్దానము ఈతగాను, పలకగాను, చెక్కగాను నెరవేరెను. దేవుడు కాపాడునని నమ్మువాడు పలకను తృణీకరింపడు. ఆ పలకయే దేవుని కాపుదల కావచ్చును.

పేతురు పడవ దిగెననుట సత్యమే. అయితే అతడు ప్రభువును అడిగి, రమ్మను మాట విని దిగెను. మన ఇష్టమును ముందుగా నిశ్చయించుకొని దానికి ప్రార్థన తగిలించుట అట్టిది కాదు. మరియు పేతురు దిగినప్పుడు పడవ ఎక్కడికిని పోలేదు. తిరిగి ఎక్కుటకు అక్కడనే యుండెను.

ఇందుమీద గలతీయులకు వ్రాసిన పత్రిక 6వ అధ్యాయములో మనలను కలవరపెట్టు రెండు మాటలు దగ్గర దగ్గరగా నున్నవి. రెండవ వచనములో ఒకరి భారములను ఒకరు మోయవలెనని అపొస్తలుడు చెప్పుచున్నాడు. అయిదవ వచనములో ప్రతివాడును తన బరువు తానే భరించుకొనవలెనని చెప్పుచున్నాడు. ఇవి ఒకదానికొకటి విరోధమా? దూరపు ఈతను తలంచుకొనుడి, విరోధము తొలగిపోవును. నలుబది వేల బారలలో ఒక్క బారనైనను పడవలోనివాడు ఈదువానికొరకు వేయలేడు. అది అతని బరువు. అయినను త్రోవ చూపువాడు, అన్నమందించువాడు, రాత్రివేళ దీపము పట్టుకొనువాడు లేక అతడు దరి చేరలేడు. అది ఒకరి భారమును ఒకరు మోయుట. పడవ అతనిని విడిచిపోదు. అతనిని ఎత్తుకొనను ఎత్తుకొనదు.

తలిదండ్రులైన మనకు ఇది నేర్చుకొన కష్టమైన పాఠము. కొందరము బిడ్డల ప్రక్కనే యుందుము గాని చేతులు ఊరకుండవు. ఒక అల వచ్చినంతనే పైకి లాగివేతుము. పిదప వారికి ఈత రాలేదని దుఃఖింతుము. మరికొందరము చెప్పిన మాట వినలేదు గనుక నీ పాట్లు నీవు పడుమని పడవను త్రిప్పుకొని పోవుదుము. ముట్టకుండ ప్రక్కన నుండుట వీటి రెంటికంటెను కష్టము. భార్యాభర్తలమధ్యను, కాపరికిని మందకును మధ్యను ఇదే కష్టమున్నది. తప్పిపోయిన కుమారుని తండ్రి అతని వెంట దూరదేశమునకు పోలేదు. త్రోవవైపు చూచుటయు మానలేదు.

అయితే ముట్టవలసిన సమయము కూడ ఒకటి యున్నది. ప్రాణాపాయమైనప్పుడు పడవలోనివారు నియమమును ప్రక్కన పెట్టి అతనిని పైకి తీయవలెను. ఆ సమయమును ఎవరు నిర్ణయింపవలెను? ఈదువాడే నిర్ణయించుకొనునందురా, చలికిని అలసటకును మొట్టమొదట మందగించునది అతని బుద్ధియే. మునుగుచున్నవాడు తాను బాగుగనే యున్నానని చెప్పును. కావున వివేకియైన ఈదువాడు ఒడ్డుననే, బుద్ధి తేటగా నున్నప్పుడే, నేను వద్దన్నను మీరు చాలించుమనినచో చాలింతునని నమ్మదగిన యొకనికి మాట ఇచ్చి దిగును. ఇది పిరికితనము కాదు. ఇది లోబడుట. త్రాగుడువైపు గాని అప్పులవైపు గాని కోపమువైపు గాని కొట్టుకొనిపోవువాడు చివరివరకు ఏమి చెప్పునో మనమందరము ఎరుగుదుము: నాకేమియు కాలేదనును. చదువరీ, నిన్ను ముట్టి పైకి తీయుటకు నీవు ముందుగా అధికారమిచ్చిన మనుష్యుడు సంఘములో ఒక్కడైనను ఉన్నాడా?

మరలి వచ్చుట అవమానము కాదు. కలకత్తా పట్టణపు ఆరతీ సాహా 1959 ఆగస్టు 27న ఇంగ్లీషు కాలువ దాటబోయి, ఇంగ్లాండు తీరమునకు కొన్ని మైళ్లలో ఎదురు ప్రవాహమునకు తాళజాలక చాలించుకొనవలసి వచ్చెను. ముప్పది మూడు దినముల తరువాత, సెప్టెంబరు 29న, మరల దిగి 16 గంటల 20 నిమిషములలో దాటెను. అప్పటికి ఆమెకు 19 సంవత్సరములు. ఆసియా ఖండపు స్త్రీలలో అట్లు దాటిన మొదటి స్త్రీ ఆమెయే. ఆగస్టులో చాలించుకొనకపోయిన యెడల సెప్టెంబరు ఆమెకు లేకపోవునేమో.

ఇక మా సంఘ పెద్దలలో ఒకరు చెప్పిన ఆక్షేపణ మిగిలియున్నది. పడవ బాడుగను సంఘము భరింపవచ్చునా యని కొందరు యౌవనస్థులు అడుగగా ఆ పెద్ద, "ఇల్లు కారుతున్న విధవరాలికి రేకులు కొనలేని సంఘం, ఈతకి పడవ కడుతుందా?" అనెను. అతడు ఓడరేవులో మూటలు మోసి వీపు వంగినవాడు. తమ ఇష్టము లేకయే ప్రతిదినము అలసిపోవు జనులమధ్య, ఇష్టపడి అలసిపోవువాడు గర్వింపరాదు. ఆ పెద్ద మాట న్యాయమైనది. శరీర సాధకము కొంతమట్టుకే ప్రయోజనకరమని 1 తిమోతి 4వ అధ్యాయము చెప్పుచున్నది. విధవరాండ్రను పరామర్శించుట నిజమైన భక్తియని యాకోబు 1వ అధ్యాయము చెప్పుచున్నది. కొంచెమైనది గొప్పదానికి ముందు నడువరాదు. కావున వానలకు ముందుగా రేకులు, ఆ తరువాతనే పడవ అని సంఘము నిర్ణయించెను. ఆ యౌవనస్థుడును దీనికి సమ్మతించెను. ఇది వ్రాయునాటికి అతడింకను సాధకములోనే యున్నాడు, తన కూలిలోనుండి బాడుగకు కొంత దాచుకొనుచున్నాడు. పడవ లేక దిగనని తల్లికి మాట ఇచ్చెను. ఆమె భయము పోలేదు. కాని ఆ పడవలో ఎవరెవరు కూర్చుందురని ఇప్పుడు అడుగుచున్నది.

అయితే కొంచెమనగా ఏమియు లేదని అర్థము కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారము 2021వ సంవత్సరములో లోకమంతట సుమారు 3 లక్షలమంది నీట మునిగి చనిపోయిరి. అందులో ఇంచుమించు నాలుగవ వంతు అయిదేండ్లలోపు బిడ్డలు. కంచరపాలెము బిడ్డలు సెలవుదినమున సముద్రమునకు పరుగెత్తుదురు. వారిలో ఈత వచ్చినవారు ఎందరు? అతడు నేర్చిన విద్యను పదిమంది పిల్లలకు నేర్పి, లాగు పాయనుండి ప్రక్కకు ఈదవలెనని చెప్పిన యెడల, భీమునిపట్నము చేరినను చేరకున్నను అతని రెండేండ్ల సాధకము వ్యర్థము కాదు. మెలితే ద్వీపమువద్ద ఈత వచ్చినవారు ముందుగా దరి చేరిరి. ముందుగా దరి చేరినవాని పని తిరిగి చూచి, వెనుక పలకమీద వచ్చువానికి చెయ్యి అందించుటయే గదా.

ప్రియులారా, ఇంతవరకు ఈ ఉపమానము మనకు మేలు చేసెను. ఇక్కడ దానిని విడిచిపెట్టవలెను. ఏలయనగా రక్షణ విషయములో ఇది చెల్లదు. ఇంగ్లీషు కాలువలో ముట్టబడినవాడు ఓడిపోవును. దేవుని రాజ్యములో ముట్టబడనివాడే నశించును. మత్తయి 14వ అధ్యాయములో పేతురు గాలిని చూచి మునిగిపోసాగి కేకవేయగా, ప్రభువు వెంటనే చెయ్యి చాపి అతనిని పట్టుకొనెను. నీ బారలెన్నియని అడుగలేదు. ఇంకను కొంచెము ఈదుమనలేదు. మన పాపములనెడి అగాధమును మన సాధకముచేత దాటుదుమనుకొనువాడు ఎంత నేర్పరియైనను దరి చేరడు. అక్కడ మనకు కావలసినది ప్రక్కన వచ్చు పడవ కాదు. మనలను పట్టుకొను చెయ్యి. ఆ చేతికి మేకుల గాయములున్నవి.

అట్లు పట్టబడిన పేతురే యోహాను 21వ అధ్యాయములో మరల నీటిలో కనబడుచున్నాడు. ప్రభువు ఒడ్డున నిలిచియుండెనని విన్నంతనే, పైబట్ట బిగించుకొని, పడవ వచ్చువరకు తాళక సముద్రములో దుమికెను. ఒడ్డు ఇన్నూరు మూరల దూరము. ఈసారి నీళ్లమీద నడువలేదు. ఎవరును అతనిని ఎత్తుకొనను లేదు. తన చేతులతో తానే పోయెను. మొదటిది కృప, రెండవది కృప పొందినవాని ప్రయాసము. మొదటిది లేక రెండవది గర్వమగును. రెండవది లేక మొదటిది మాటలలోనే నిలిచిపోవును. మన ప్రార్థన, మన ఉపవాసము, మన పని, మన దేహ సాధకము, అన్నియు ఈ రెండవ నీటిలోనివే. ఒడ్డున నిలిచినవానిని ప్రేమించి వేయు బారలివి.

నీళ్లలో బడి దాటునప్పుడు తోడైయుందునని యెషయా 43వ అధ్యాయములో తన ప్రజలకు మాట ఇచ్చిన దేవుడు, మనలో ఈదుచున్నవారికి ఓర్పును, పడవలో నున్నవారికి మెలకువను, మునుగుచున్నవారికి తన హస్తమును అనుగ్రహించును గాక. ఆమేన్.